తొట్టె పైకి లేచినప్పుడు

ప్రియమైన పిల్లలకు,

మొన్న వాన వెలిశాక వీధి చివర కడుతున్న ఇంటికి ఇసుక టిప్పర్ వచ్చింది కదా, అప్పుడు మీలో చిన్నవాడు నా చెయ్యి పట్టుకుని అడిగాడు, "తాతయ్యా, తొట్టె అంత పైకి లేస్తే లారీ వెనక్కి పడిపోదా?" అని. ఆ చప్పుడులో నేను ఏదో చెప్పాను, వాడికి సగం కూడా వినపడి ఉండదు. రాత్రి పడుకున్నాక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. చాలా ఏళ్ళు నేను ఆ బండ్లే నడిపాను, తర్వాత కొత్తగా వచ్చిన డ్రైవర్లకు నేర్పాను. వాళ్ళు మైలేజీ గురించి అడిగారు, గేర్ల గురించి అడిగారు, ఇది మాత్రం ఎవరూ అడగలేదు. నిజానికి మొదటి రోజే అడగాల్సింది ఇదే.

ముందు జవాబు చెప్పేస్తాను. వెనక్కి పడటం తక్కువ. ఇంజను బరువంతా ముందు ఉంటుంది, ఇసుక జారిపోయేకొద్దీ వెనక బరువు తగ్గిపోతుంది. వెనక డోర్ గడియ తీయకుండా తొట్టె ఎత్తేస్తేనో, సరుకంతా వెనక చివర ఇరుక్కుపోతేనో మాత్రం ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి, అదీ జరుగుతుంది. కానీ ఎక్కువగా టిప్పర్ పడేది పక్కకు. అందులోనూ పెద్ద స్పీడు మీద ఉన్నప్పుడే కాదు, ఒకచోట ఆగి, నెమ్మదిగా తొట్టె ఎత్తుతూ ఉండగా పడుతుంది. చూసేవాళ్ళకు అదే అర్థం కాదు, కదలకుండా నిలబడ్డ బండి ఎలా పడిందా అని.

మీరందరూ నా భుజాల మీద ఎక్కినవాళ్ళే కాబట్టి అలాగే చెబుతాను. మిమ్మల్ని చంకన ఎత్తుకుని నడిస్తే నాకు ఏమీ అనిపించదు. అదే బరువు, భుజాల మీద కూర్చోబెట్టుకున్నాననుకోండి, నేల కొంచెం ఎగుడుదిగుడుగా ఉన్నా ఒళ్ళంతా ఊగుతుంది. బరువు పెరగలేదు, ఎత్తు పెరిగింది. టిప్పర్ కూడా రోడ్డు మీద వస్తున్నంతసేపూ పిల్లవాణ్ణి చంకన పెట్టుకున్న తాతే. తొట్టె లేపిన క్షణం నుంచి వాణ్ణి భుజాల మీదకు ఎక్కించుకున్నట్టు.

ఒక చిన్న లెక్క చేసి చూడండి. ఎడమ చక్రాలకూ కుడి చక్రాలకూ మధ్య దూరం 2 మీటర్లు అనుకుందాం. నేల ఒకవైపు 10 సెంటీమీటర్లు పల్లంగా ఉంది. అంటే మీ అరచేయంత పల్లం, కంటికి ఆనదు కూడా. బండి ఆ మేరకు వాలితే, నేల నుంచి 1 మీటరు ఎత్తులో ఉన్న బరువు 5 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. అదే బరువు 4 మీటర్ల ఎత్తుకు వెళితే 20 సెంటీమీటర్లు జరుగుతుంది. బండి మధ్య గీత నుంచి చక్రం దాకా ఉన్నది 1 మీటరే, అందులో అయిదో వంతు అప్పుడే పోయింది. పోయి ఆగుతుందా? బరువు పడ్డ వైపు టైర్లు నొక్కుకుంటాయి, వాన తడిసిన మన్ను ఇంకాస్త దిగుతుంది, బండి ఇంకాస్త వాలుతుంది, వాలిన కొద్దీ బరువు ఇంకా అటే జరుగుతుంది. తాత ఒక కాలు బురదలో వేసినట్టే. అందుకే మంచి డ్రైవర్ తొట్టె ఎత్తేముందు కిందకు దిగి నేలను కాలితో తొక్కి చూస్తాడు. ఈ మధ్యే గొయ్యి తీసి పూడ్చిన చోట ఎత్తడు, కాలవ గట్టు మీద ఎత్తడు, రెండువైపులా టైర్లలో గాలి సమంగా ఉందో లేదో చూసుకుంటాడు.

ఇప్పుడు ఆ భుజాల మీద పిల్లవాడు కుదురుగా కూర్చోకుండా ఒక పక్కకు వేలాడి తాత చెవి పట్టుకున్నాడనుకోండి. తడి బంకమన్ను చేసేది అదే. పొడి ఇసుక మర్యాదగా జారిపోతుంది. తడి మన్ను మాత్రం తొట్టెకు అంటుకుంటుంది, ఒకవైపు జారిపోయి రెండో వైపు అలాగే ఉండిపోతుంది. నాకు ఇది చెప్పి తెలిసింది కాదు. డ్రైవింగ్‌లో నాలుగో ఏడో అయిదో ఏడో, వానాకాలం, రోజంతా తిరిగి అలసిపోయి ఉన్నాను. తొట్టె నిండా మన్ను, పూర్తిగా ఎత్తినా కుడివైపు సగం దిగలేదు. దింపుదామని నేను బండిని కాస్త వెనక్కి పోనిచ్చి బ్రేకు వేశాను, కుదుపుకు రాలుతుందని. అది రాలలేదు. బండి కుడి పక్కకు వంగింది, ఎడమ చక్రాలు నేల వదిలిన సంగతి నాకు సీటులోనే తెలిసింది. చెయ్యి తలుపు మీదకు వెళ్ళింది, దూకేద్దామని. బెల్టు పట్టి ఆపింది. అంతలో మన్ను ముద్దగా ఊడి పడింది, బండి మళ్ళీ చక్రాల మీద నిలబడింది. ఆ రోజు నేను దూకి ఉంటే, పడుతున్న బండి పక్కనే పడేవాణ్ణి. చాలామంది డ్రైవర్లు పోయేది అలాగే, లోపల ఉండి కాదు, బయటికి దూకి. అందుకే తర్వాత నా దగ్గర నేర్చుకున్న ప్రతి కుర్రాడికీ మొదటి మాట ఇదే చెప్పాను: సరుకు దిగకపోతే తొట్టె కిందకు దించు, దింపి ఏం చెయ్యాలో అప్పుడు ఆలోచించు, కుదపకు. బండి వంగుతుంటే బెల్టుతో లోపలే ఉండు, స్టీరింగ్ గట్టిగా పట్టుకో.

భుజాల మీద ఉన్న పిల్లవాడికి ఇంకో ప్రమాదం ఉంది, గుర్తుందా? గుమ్మం! తాతకు తన తల ఎంత ఎత్తో తెలుసు, పైన ఉన్నవాడి తల ఎత్తు మరిచిపోతాడు. లేపిన తొట్టె దాదాపు రెండంతస్తుల ఇంటి ఎత్తుకు వెళుతుంది, పైన కరెంటు తీగలు ఉంటాయి. తగలక్కర్లేదు, బాగా దగ్గరికి వెళితే చాలు, కరెంటు గాల్లోంచి దూకుతుంది. అందుకే 50 వేల వోల్టుల దాకా ఉన్న తీగలకు కనీసం 3 మీటర్ల దూరం అనే లెక్క చాలా చోట్ల పాటిస్తారు, ఇంకా పెద్ద తీగలకు ఇంకా ఎక్కువ. ఎప్పుడైనా ఒక బండి తీగకు తగిలి ఉండటం చూస్తే దాని దగ్గరికి వెళ్ళొద్దు, డ్రైవర్‌కు సాయం చేద్దామని కూడా వెళ్ళొద్దు, చుట్టూ నేలలో కూడా కరెంటు ఉంటుంది. దూరం నుంచే కేకలు వేసి పెద్దవాళ్ళను పిలవండి. లైను ఆపించేదాకా డ్రైవర్ లోపల కూర్చోవడమే అతనికి క్షేమం. బండికి నిప్పు అంటుకుంటే మాత్రం రెండు కాళ్ళూ దగ్గరపెట్టి, బండినీ నేలనూ ఒకేసారి తాకకుండా కిందకు దూకి, అలాగే కాళ్ళు కలిపి చిన్న చిన్న గెంతులతో దూరం వెళ్ళాలి. తొట్టె దించకుండానే బయలుదేరిన బండ్లు కూడా ఉన్నాయి, వంతెన కిందకు వెళ్ళి గుద్దుకున్నవి. ఇప్పుడు చాలా బండ్లలో తొట్టె పైన ఉంటే లోపల ఎర్ర లైటు వెలుగుతుంది, బజర్ మోగుతుంది. మోగినా వినేది మనిషే కదా, నిద్రమత్తులో ఉన్న మనిషికి ఏది మోగినా ఒకటే. అందుకే నిద్ర లేకుండా బండెక్కిన వాణ్ణి నేను తాగి ఎక్కిన వాడితో సమానంగానే చూసేవాణ్ణి.

నా చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పాలి, లేకపోతే ఈ ఉత్తరం మీకు సగమే అందినట్టు. మీ వయసులో మాకు లారీ అంటే పండగ. కంకర వస్తే చాలు, ఎక్కడున్నా పరుగెత్తేవాళ్ళం, అది వెనక్కి వస్తుంటే మేము దాని వెనకే నడుస్తూ "రా రా" అని చేతులు ఊపేవాళ్ళం. ఒకరోజు డ్రైవర్ బండి ఆపి దిగాడు. కొడతాడనుకున్నాం. కొట్టలేదు, తిట్టలేదు. నన్ను రెండు చేతులతో ఎత్తి తన సీటులో కూర్చోబెట్టాడు. ఇంజను ఆపి ఉంది. మిగతా అయిదుగురినీ తీసుకెళ్ళి బండి ముందు, సరిగ్గా బంపర్ దగ్గర నిలబెట్టాడు. "ఎంతమంది కనపడుతున్నారు?" అన్నాడు. అద్దంలోంచి రోడ్డు చాలా దూరం దాకా కనపడింది, ఆకాశం కనపడింది, మావాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. వాళ్ళ నవ్వులు వినపడుతున్నాయి. తర్వాత వాళ్ళను వెనక్కి తీసుకెళ్ళాడు. పక్క అద్దాల్లో చూస్తే ఇటు తొట్టె పక్కభాగం, అటు తొట్టె పక్కభాగం, అంతే. ఆయన కిటికీ దగ్గరికి వచ్చి, "నేను రోజూ ఇలాగే నడుపుతాను బాబూ, మీరు ఉన్నారని నాకు తెలియదు" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, భయం ఉంది. పెద్దవాళ్ళకు కూడా భయం ఉంటుందని నాకు తెలిసింది ఆ రోజే. నేను డ్రైవర్‌ను అవుతానని అనుకున్నది కూడా బహుశా ఆ సీటులోనే.

కాబట్టి మీరు గుర్తుపెట్టుకోవలసింది అద్దం. డ్రైవర్ అద్దంలో మీకు అతని ముఖం కనపడకపోతే అతనికి మీరు కనపడటం లేదు. బండి ముందు ఆనుకుని, వెనక ఆనుకుని, తలుపుల కింద, ఈ చోట్లన్నీ అతనికి చీకటే. మలుపు తిరిగేటప్పుడు ఇంకా జాగ్రత్త, ముందు చక్రాలు వెళ్ళిన దారిలో వెనక చక్రాలు రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. సైకిల్ మీద ఉన్నప్పుడు మలుపు దగ్గర లారీ పక్కన చోటు ఖాళీగా కనపడుతుంది, రమ్మని పిలిచినట్టే ఉంటుంది, అక్కడికి పోవద్దు, వెనకే ఆగండి.

వెనక్కి వచ్చేటప్పుడు బీప్ బీప్ అని మోగుతుంది కదా, ఆ పరికరాన్ని మొదట 1963లో జపాన్‌లో తయారుచేశారు. దాని వల్ల ఎంతో మేలు జరిగింది. అయితే నాలుగు బండ్లు తిరిగే చోట నాలుగూ మోగుతుంటే ఏది ఎవరి కోసమో తెలియదు, చెవి అలవాటుపడిపోతుంది. అందుకే ఒక మనిషిని నిలబెట్టి సైగలు చేయిస్తారు. ఒక్కరే చెయ్యాలి, నలుగురు చేస్తే డ్రైవర్ ఎవరి మాట వినాలి? ఆ మనిషి అద్దంలోంచి మాయమైతే, కారణం ఏదైనా సరే, డ్రైవర్ ఆ క్షణమే ఆగిపోవాలి. మంచి డ్రైవర్ ఆగుతాడు, చిరాకు పడడు.

గనుల్లో తిరిగే డంపర్ల ఫొటోలు చూశారా? బెలారస్‌లో తయారైన బెలాజ్ 75710 అనే బండి ఒక్క ట్రిప్పుకు 450 టన్నులు మోస్తుంది. దాని టైరు పక్కన మనిషి నిలబడితే చక్రం సగానికి కూడా రాడు. అలాంటి డ్రైవర్‌కు జీపు కూడా కనపడదు, అందుకే గనుల్లో చిన్న బండ్లకు పొడవాటి కర్ర కట్టి పైన జెండా పెడతారు. చాలా గనుల్లో కదిలేముందు హారన్‌తో చెబుతారు, ముందుకైతే రెండుసార్లు, వెనక్కైతే మూడుసార్లు. మన్ను పారబోసే అంచున గట్టు కడతారు, కనీసం చక్రం సగం ఎత్తు ఉండాలని లెక్క. ఆ గట్టు బండిని ఆపడానికని కొత్తవాళ్ళు అనుకుంటారు. అంచు ఎక్కడుందో చెప్పడానికే అది ముఖ్యం, దాన్ని ఢీకొట్టి ఆగేవాడు ఏదో ఒకరోజు దానితోపాటే జారతాడు. అంచు మెత్తగా ఉందనిపిస్తే కాస్త ముందే పారబోసి తర్వాత డోజరుతో తోయించడం మేలు.

ఇంకొకటి ఉంది, ఇది ప్రమాణం చేయించుకుని మరీ చెప్పాలనిపిస్తుంది. ఎత్తి ఉన్న తొట్టె కిందకు ఎవరూ, ఎప్పుడూ వెళ్ళకూడదు. దాన్ని పట్టుకుని ఉన్నది ఒక జాకీ, ఆ జాకీలో నూనె, ఆ నూనె ఒక రబ్బరు గొట్టంలో. గొట్టం చిట్లితే టన్నుల ఇనుము రెప్పపాటులో కిందకు వస్తుంది. తాత చేతులు ఎంతసేపు ఆగుతాయో చెప్పలేం కదా, అందుకే మెకానిక్‌లు ముందు తొట్టె ఖాళీ చేసి, గట్టి ఇనప ఊతకర్ర పెట్టి, అప్పుడే తల లోపల పెడతారు. బంతి కిందకు దొర్లితే దొర్లనివ్వండి. బంతి కొత్తది కొనిపెడతాను.

ఈసారి ఇసుక బండి వస్తే గుమ్మం లోపలి నుంచో డాబా మీద నుంచో చూడండి. ఆగిన బండి చక్రాల నట్ల మీద పసుపుపచ్చ ప్లాస్టిక్ బాణాలు ఉన్నాయేమో దూరం నుంచే కనిపెట్టండి, అన్ని బండ్లకూ ఉండవు. ఒక నట్టు బాణం పక్క నట్టు బాణం వైపు చూస్తూ ఉంటుంది. ఏదైనా ఒకటి ముఖం తిప్పేసిందంటే ఆ నట్టు వదులైందని అర్థం. డ్రైవర్ ఎక్కేముందు బండి చుట్టూ ఒక్కసారైనా తిరిగాడా లేదా గమనించండి.

తర్వాత ఇంట్లో ఒక పళ్ళెంలో పొడి ఇసుక పోసి, ఒక అంచు మెల్లగా ఎత్తుతూ పోండి. చాలాసేపు ఏమీ జరగదు. రేణువులన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చుంటాయి. కోణం 30 దాటి 35 డిగ్రీల దరిదాపులకు వచ్చేసరికి, ఎవరో మాట చెప్పినట్టు, అన్నీ కలిసి ఒక్కసారి కదులుతాయి. ఏ రేణువు ముందు వదిలిందో నేను ఇన్నేళ్ళు చూసినా పట్టుకోలేకపోయాను, మీ కళ్ళు కొత్తవి, మీకు దొరకవచ్చు. అదే పళ్ళెంలో ఇసుకను నీళ్ళతో తడిపి, గట్టిగా అదిమి మళ్ళీ ఎత్తండి. ఎంత ఎత్తాక పడిందో, మెల్లగా జారిందో ముద్దగా ఊడిందో, ఏ పక్కది ముందు పడిందో చూసి నాకు రాయండి.

ఆశీస్సులతో,
తాతయ్య