జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టేనా? తూకం చీటీ వివాదం వెనుక ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కథ

మిర్యాలగూడ మిల్లుల దగ్గర కొన్ని ధర్మకాంటాల్లో వాడుతున్న తూకం చీటీ సాఫ్ట్‌వేర్ మీద గొడవ మళ్లీ రాజుకుంది. నల్లగొండ, పాలమూరు కాలేజీల్లో చదివిన 14 మంది పైసా తీసుకోకుండా కలిసి రాసిన సాఫ్ట్‌వేర్ ఇది. ధాన్యం ట్రాక్టర్ కాంటా ఎక్కగానే బరువు తీసుకుంటుంది, తరుగు ఎంత తీశారో చీటీలో విడిగా చూపిస్తుంది, దానికి డిజిటల్ సంతకం వేసి రైతు ఫోన్‌కు పంపుతుంది. ఆ సంతకం వేసే పని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీది, అంటే వేరే ప్రోగ్రాములు తెచ్చుకుని వాడుకునే రెడీమేడ్ కోడ్‌ది. మిగతా కోడ్ అంతా జీపీఎల్ రెండో వెర్షన్ కింద ఉంది (ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, కానీ ప్రోగ్రామును పంచితే దాని సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలనే లైసెన్సు ఇది), అది కూడా 'రెండో వెర్షన్ మాత్రమే' అన్న షరతుతో.

పోయిన వారం నిర్వాహకులు వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం పెట్టారు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో కలిపి పంచడానికి వీలుగా లైసెన్సులో మినహాయింపు చేరుస్తున్నామని, శనివారం రాత్రిలోగా జవాబు ఇవ్వనివాళ్లు ఒప్పుకున్నట్టే లెక్క అని. ఇదెక్కడి పద్ధతని అడిగితే వచ్చిన జవాబు: "ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వాళ్లే అట్ల చేసిండ్రు గద."

అక్కడ జరిగింది పూర్తిగా చెప్పుకుంటే తప్ప ఈ మాటలో నిజమెంతో తేలదు. 2014లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం గురించి అందరూ చదివిందే, మళ్లీ చెప్పను. మన గొడవకు సంబంధించిన ముడి అంతకు చాలా ముందే, 1998 డిసెంబర్‌లో పడింది. ఎరిక్ యంగ్, టిమ్ హడ్సన్ రాసిన ఎస్‌ఎస్‌ఎల్‌ఈఏవై కోడ్‌ను కొత్త బృందం అందుకుని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అని పేరు పెట్టింది అప్పుడే. ఆ పాత కోడ్ లైసెన్సు చివర ఒక మాట ఉంది: ఈ షరతులను మార్చడానికి లేదు, ఈ కోడ్‌ను తీసుకెళ్లి జీపీఎల్ సహా మరో లైసెన్సు కింద పెట్టడానికి లేదు. కొత్త బృందం దాని పక్కన తన లైసెన్సును కూడా చేర్చింది. వాడుకునేవాళ్లు రెండింటికీ కట్టుబడాలి. ఈ లైబ్రరీ గురించి చెప్పే ప్రతి ప్రకటనలోనూ రాసినవాళ్ల పేరు వేయాలన్న షరతు రెండింటిలోనూ ఉంది. జీపీఎల్ ఏమో తన షరతులకు మించి ఇంకే షరతూ పెట్టొద్దంటుంది. ఈ రెంటికీ పొసగలేదు. ఇంటర్నెట్ నుంచి ఫైళ్లు దించే వీగెట్ లాంటి జీపీఎల్ ప్రోగ్రాములు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ పేరు పెట్టి మరీ ప్రత్యేక అనుమతి రాసుకోవాల్సి వచ్చింది.

ఈ ముడి విప్పి అపాచీ 2.0 లైసెన్సుకు మారడానికి 2017 మార్చిలో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ బృందం, ఆ కోడ్‌లో తలా కొంత రాసిన దాదాపు 400 మందికి, ఒప్పుకోమని అడుగుతూ మెయిళ్లు పంపింది. మీ నుంచి జవాబు రాకపోతే అభ్యంతరం లేదని భావిస్తామన్న వాక్యం అందులో ఉన్నది నిజమే. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టు నడిపే థియో డి రాట్ దాన్ని బహిరంగంగానే తప్పుపట్టారు. హక్కుదారు నోరు విప్పనంత మాత్రాన హక్కు చేతులు మారదన్నది ఆ విమర్శ సారం.

మన నిర్వాహకులు కథ చెప్పడం ఇక్కడితో ఆపేస్తున్నారు. నా దృష్టిలో అసలు మలుపు ఆ తర్వాతి ఏడాదిది.

2018లో బృందం దొరకని చివరి కొద్దిమంది కోసం బహిరంగంగా వెతుకులాట మొదలుపెట్టింది. ఎంత వెతికినా ఒకతని ఆచూకీ దొరకలేదు. అతను రాసింది బ్రహ్మవిద్యేమీ కాదు. మెమరీని విడుదల చేసే ఫంక్షన్లలో, ఇచ్చిన చోటు ఖాళీగా ఉంటే ఏమీ చేయకుండా వెనక్కి తిరిగిపో అని చెప్పే చిన్న చిన్న తనిఖీలు. ఏ ప్రోగ్రామర్ అయినా నిద్రలో రాసేవి. జవాబు రాలేదు కాబట్టి ఒప్పుకున్నాడని రాసేసుకుంటే అడిగే దిక్కు లేదు. అయినా బృందం వాటిని తీసేసింది. ఎవరైనా మళ్లీ రాసేదాకా పరీక్షలు వరుసగా విఫలమవుతాయని తెలిసీ, ఆ మాట మార్పు వివరణలోనే రాసి మరీ తీసేసింది. 2017 మెయిల్‌లో రాసింది ఒకటి, పని దగ్గరకొచ్చేసరికి చేసింది ఇంకొకటి. కొత్త లైసెన్సుతో 3.0 వెర్షన్ 2021 సెప్టెంబర్ 7న గానీ బయటకు రాలేదు.

ఆ 3.0తోనే మన కష్టం తీరిపోవాలి గదా అని చాలామంది అడుగుతున్నారు. తీరలేదు. అపాచీ 2.0 జీపీఎల్ మూడో వెర్షన్‌తో కలుస్తుంది కానీ రెండోదాంతో కలవదని జీపీఎల్ రాసిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ చెబుతోంది. పోనీ పాత 1.1.1 దగ్గరే ఉండిపోదామంటే దానికి ఉచిత భద్రతా సవరణలు 2023 సెప్టెంబర్ 11తో ఆగిపోయాయి. రైతు చీటీ మీద సంతకం వేసే లైబ్రరీని సవరణలు లేకుండా వాడలేం.

మొదటిసారి గొడవ లేచినప్పుడు జీపీఎల్ మూడో సెక్షన్ కాపాడింది. ఆపరేటింగ్ సిస్టమ్‌తో పాటు మామూలుగా వచ్చే భాగాలకు అందులో మినహాయింపు ఉంది. కాంటా దగ్గరి కంప్యూటర్‌లో లైబ్రరీ ఎలాగూ ఉంటుంది, మన సాఫ్ట్‌వేర్ విడిగా దించుకుంటారు, కాబట్టి ఇబ్బంది లేదనుకున్నారు. ఇప్పుడు ఒక వ్యాపారి రెండింటినీ చిన్న పెట్టెలో ఎక్కించి కాంటాలకు అమ్ముతానని ముందుకొచ్చాడు. ఆ భాగం ప్రోగ్రాముతో పాటే చేతికొస్తే మినహాయింపు వర్తించదని అదే వాక్యం చివర ఉంది.

నిర్వాహకుల తొందర కూడా అర్థం చేసుకోదగిందే. యాసంగి కోతల్లోపు పెట్టెలు కాంటాలకు చేరాలి. చేరకపోతే మళ్లీ చేతిరాత చీటీలే.

జవాబు ఇచ్చి మరీ వద్దన్నది ఒక్కరే. దేవరకొండ దగ్గరి తండా నుంచి వచ్చి ఇంజినీరింగ్ చదివిన అమ్మాయి. తరుగును బరువులో కలిపేయకుండా వేరే వరుసలో చూపించే భాగం ఆమెదే. వాళ్ల నాయన క్వింటాలుకు ఎంత కోశారో తెలియక చీటీ పట్టుకుని మిల్లు గేటు దగ్గర నిలబడ్డ రోజు నుంచి పుట్టిన ఆలోచన అది. "మినహాయింపు ఇయ్యనని నేననలే. పెట్టె కొన్నోళ్లకు సోర్స్ కోడ్ ఇస్తమని వ్యాపారితోని రాయించుకోండ్రి, నన్ను పేరు పెట్టి అడుగుండ్రి, ఇస్త. గడువు పెట్టి గుంజుకుంటే మాత్రం ఇయ్య," అంది. సోర్స్ ఇవ్వడం జీపీఎల్ ప్రకారం ఎలాగూ ఆ వ్యాపారి బాధ్యతే. దాన్ని కాగితం మీద పెట్టమనడం మొండితనం ఎలా అవుతుందో నాకైతే అర్థం కాలేదు.

చట్టం కూడా ఆమె వైపే ఉంది. 1957 కాపీరైట్ చట్టం 30వ సెక్షన్ ప్రకారం హక్కుదారు ఇచ్చే లైసెన్సు రాతపూర్వకంగా ఉండాలి. మౌనం రాత కాదు. 17వ సెక్షన్‌తో ఇంకో చిక్కు ఉంది: ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్‌కు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమానే. 14 మందిలో ఇద్దరు ఆ రోజుల్లో హైదరాబాద్ కంపెనీల్లో పనిచేస్తున్నారు. తమ భాగాలు ఆఫీసు పనిలోకి రావని వాళ్లు తేల్చి చెప్పాలి. ఇప్పటిదాకా వాళ్లను ఎవరూ అడగలేదు.

ఇక మిగిలింది మక్తల్ అబ్బాయి. పని కోసం దేశం దాటాడు, నంబర్ మారింది, ఇంట్లోవాళ్ల దగ్గరున్న కొత్త నంబర్ కూడా కలవడం లేదు. అతను రాసింది కాంటా ఇండికేటర్ (బరువు అంకెలు చూపే పరికరం) నుంచి సీరియల్ కేబుల్ మీద వచ్చే అంకెలను చదివే 40 వరుసలు. ఒక రకం ఇండికేటర్ బరువును తిరగేసి పంపుతుంది, 5240 కిలోలుంటే 0425 అని వస్తుంది. దాన్ని సరిచేసే ఉపాయం ఆ వరుసల్లోనే ఉంది. అవి తీసేస్తే ఆ రకం ఇండికేటర్ ఉన్న కాంటాల్లో చీటీ తప్పు చూపిస్తుంది. నకిరేకల్‌లో ఉండే ఇంకో సభ్యుడు, పాత వరుసలు తెరిచి చూడకుండా, ఇండికేటర్‌తో వచ్చిన పుస్తకం ఒక్కటే ముందు పెట్టుకుని వాటిని కొత్తగా రాస్తానన్నాడు. రెండు వారాలు అడిగాడు. నిర్వాహకులు పెట్టిన గడువు శనివారం.