ప్రిమాప్ అంటే ఏంటి పెదనాన్నా?

చిరంజీవులకు మీ పెదనాన్న ఆశీర్వదించి రాయునది. ఉభయకుశలోపరి.

మొన్న ఫోన్లో మీ గుంపంతా ఒకరి మాట మీద ఒకరు పడుతూ అడిగిన ప్రశ్నకు నేను కాస్త నసిగాను, గుర్తుందా? నిక్స్ భాషకు రెప్ల్ అని, కొట్టింది కొట్టినట్టే లెక్కచేసి జవాబు చూపించే తెర ఉందిగా, అందులో సొంతంగా రాసుకున్న ఫంక్షన్ పేరు కొడితే ‘లాంబ్డా’ (అంటే నిక్స్ భాషలో రాసిన ఫంక్షన్) అని చూపించి, అది ఏ ఫైల్లో ఏ వరుసలో ఉందో కూడా చెబుతోంది. ‘మ్యాప్’ అని, అంటే లిస్టులోని ప్రతి అంశానికీ ఒక ఫంక్షన్‌ని వర్తింపజేసేది కొడితే మాత్రం ‘ప్రిమాప్ మ్యాప్’ అని ఊరుకుంటోంది. ఫైలు లేదు, వరుస లేదు. "మరి ఇది ఎక్కడ రాసుంది?" అన్నారు. ఫోన్లో చెబితే సగం మీరు వినరు, మిగతా సగం నేను మరిచిపోతాను. అందుకే ఈ ఉత్తరం.

జవాబు ఒక్క ముక్కలో చెప్పొచ్చు: అది నిక్స్ భాషలో రాసి లేదు. నిక్స్ ఫైళ్లను చదివి అర్థం చేసుకునే ప్రోగ్రాము ఒకటుందిగా, ఇవాల్యుయేటర్ అంటాం, దాని లోపలే సీ ప్లస్ ప్లస్‌లో రాసి పెట్టారు. ప్రిమాప్ అంటే ప్రిమిటివ్ ఆపరేషన్‌కి పొట్టి పేరు. బిల్టిన్ ఫంక్షన్ అన్నా అదే. అయితే ఇక్కడితో ఆపేస్తే మీకు ఒరిగేదేమీ లేదు. కొన్నిటిని అలా లోపలే ఎందుకు పెట్టాల్సి వచ్చింది అన్నది అసలు సంగతి.

ముందు భాష గురించి నాలుగు మాటలు. నిక్స్ 2003లో మొదలైంది. ఈల్కో దోల్‌స్ట్రా నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో దీని మీదే పరిశోధన చేసి, 2006లో డాక్టరేట్ సిద్ధాంతగ్రంథం సమర్పించాడు. డచ్చి భాషలో ‘నిక్స్’ అంటే ‘ఏమీ లేదు’ అని. ఒక ప్యాకేజీని తయారు చేసేటప్పుడు, మనం చేతికిచ్చిన సరుకు తప్ప ఇంకేదీ దాని కంట పడకూడదన్నది ఆ పేరు వెనకున్న ఉద్దేశం. నాకు భలే నచ్చిన పేరు. ఒక మెషీన్‌లో ఏ ప్రోగ్రాములుండాలి, ఏ సర్వీసులు నడవాలి, ఏ యూజర్లుండాలి అన్నదంతా ఈ భాషలో రాసిస్తే, దాని ప్రకారం సిస్టమ్ మొత్తం తయారవుతుంది. నిక్స్ ఓఎస్ చేసే పని అదే.

ఇలాంటి భాష గదిలాంటిదని అనుకోండి. తలుపులు వేసుంటాయి. లోపల మీరు ఇచ్చిన కాగితాలు మాత్రమే ఉంటాయి. అదే కాగితాలు ఎవరిచ్చినా, ఎప్పుడిచ్చినా ఒకే జవాబు రావాలి. బిల్టిన్లలో చాలా భాగం ఆ గదిలో వాడుకునే పనిముట్లు. కొన్ని మాత్రం గది బయటికి చూసే కిటికీలు. ఈ తేడా పట్టుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. మీకంత పట్టక్కర్లేదు.

పనిముట్ల సంగతి చూద్దాం. నిక్స్‌లో రెండు లిస్టులు అతికించడానికి రెండు ప్లస్ గుర్తులున్నాయి. కానీ లిస్టును విడదీయడానికి వ్యాకరణంలో ఏమీ లేదు. మొదటి అంశం కావాలంటే ‘హెడ్’, మిగతావి కావాలంటే ‘టెయిల్’, ఫలానా స్థానంలోది కావాలంటే ‘ఎలెమ్ఎట్’, ఎన్నున్నాయో తెలియాలంటే ‘లెంగ్త్’. నాలుగూ బిల్టిన్లే. ఇవి లేకపోతే లిస్టు కట్టిన మూట కట్టినట్టే ఉంటుంది, విప్పడం ఎవరి తరమూ కాదు. అట్రిబ్యూట్ సెట్, అంటే పేర్లూ వాటి విలువలూ ఉన్న మూట, కూడా అంతే. పేరు తెలిస్తే చుక్క పెట్టి తీసుకోవచ్చు. లోపల ఏ పేర్లున్నాయో తెలియాలంటే ‘అట్రనేమ్స్’ కావాల్సిందే. అది పేర్లను మీరు రాసిన వరుసలో కాకుండా అక్షరక్రమంలో ఇస్తుంది. మొదట్లో చిరాగ్గా అనిపిస్తుంది గానీ, ఎవరు ఏ వరుసలో రాసినా ఫలితం మారదన్న హామీ అందులోనే ఉంది.

మరి మ్యాప్? అది లేకపోయినా ప్రాణం మీదికి రాదు. ‘జెన్‌లిస్ట్’ అనే బిల్టిన్‌కి ఒక ఫంక్షన్నీ ఒక అంకెనీ ఇస్తే, 0 నుంచి మొదలుపెట్టి అన్ని అంశాల లిస్టు చేసిపెడుతుంది. వర్గం చేసే ఫంక్షనూ 5 ఇస్తే 0, 1, 4, 9, 16 వస్తాయి. ఇప్పుడు లెంగ్త్, ఎలెమ్ఎట్, జెన్‌లిస్ట్ మూడూ కలిపి మీ సొంత మ్యాప్ రాయండి. ఒక్క వరుసలో అయిపోతుంది. రాశాక దాని పేరు రెప్ల్‌లో కొట్టి చూస్తే లాంబ్డా అని వస్తుంది. అంటే మ్యాప్, ఫిల్టర్, సార్ట్ లాంటివి వేగం కోసం, వీలు కోసం లోపల పెట్టినవి. హెడ్, లెంగ్త్ లాంటివి లేకపోతే గడవనివి. ఈ రెండు రకాలూ గదిలోనివే, వీటితో భయం లేదు.

భయం లేదన్నానే గానీ పొరపాట్లు జరగవనలేదు. మూడింటి గురించి చెబుతాను, మీరు ఎలాగూ పడతారు కాబట్టి.

‘స్ట్రింగ్‌లెంగ్త్’కి ‘అమ్మ’ అని ఇచ్చి చూడండి. 12 అంటుంది! మనకు కనిపించేవి రెండు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో అ, మ, పొల్లు, మళ్లీ మ, మొత్తం నాలుగు. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం ఒక్కొక్కదానికి మూడు బైట్లు, కాబట్టి పన్నెండు. నిక్స్ లెక్కపెట్టేది బైట్లనే. ‘సబ్‌స్ట్రింగ్’తో మొదటి ఒక్కటీ కోసి ఇవ్వమంటే అ లో మూడోవంతు ముక్క చేతికొస్తుంది, అది ఏ అక్షరమూ కాదు. ఇంగ్లిషు మాత్రమే రాసేవాళ్లకు ఈ గుంత జీవితాంతం కనపడకపోవచ్చు. మనకు మొదటి రోజే కనపడుతుంది.

రెండోది ‘టుస్ట్రింగ్’. ట్రూ ఇస్తే 1 అనే స్ట్రింగ్ వస్తుంది. ఫాల్స్ ఇస్తే ఏమీ రాదు, ఖాళీ స్ట్రింగ్. ఏదో సర్వీసు కాన్ఫిగ్ ఫైల్లో ‘డీబగ్ ఈక్వల్స్’ పక్కన ఫాల్స్ పడుతుందనుకుని దీన్ని వాడితే, ఈక్వల్స్ పక్కన శూన్యం ఉంటుంది. ఆ సర్వీసు దాన్ని ఎలా అర్థం చేసుకుంటుందో దాని ఇష్టం. ఇలాంటి చోట ‘టుజేసన్’ నయం, ఫాల్స్‌ని ఫాల్స్ అనే రాస్తుంది.

మూడోది వెర్షన్లు. 1.9 పెద్దదా, 1.10 పెద్దదా? రెంటినీ స్ట్రింగులుగా పెట్టి చిన్నది-పెద్దది గుర్తుతో పోలిస్తే 1.10 చిన్నదని తేలుతుంది, ఎందుకంటే అక్షరం అక్షరం చూసుకుంటూ పోతే 1 కంటే 9 పెద్దది. అందుకే ‘కంపేర్‌వెర్షన్స్’ అని విడిగా ఒక బిల్టిన్ పెట్టారు. సున్నా వస్తే సమానం, 1 వస్తే మొదటిది కొత్తది, మైనస్ 1 వస్తే పాతది.

ఇంకో మాట. నిక్స్ సోమరి భాష. అడిగితే తప్ప లెక్క చేయదు. లిస్టులో ఒక అంశంగా ‘త్రో’ పెట్టి, అంటే ముట్టుకుంటే పేలే ఎర్రర్ పెట్టి, లెంగ్త్ అడగండి. నిమ్మకు నీరెత్తినట్టు లెక్క చెప్పేస్తుంది. సీసాలెన్నో లెక్కపెట్టడానికి మూతలు తీయక్కర్లేదు కదా. అదే ‘టైప్ఆఫ్’తో ఆ అంశాన్ని తాకితే పేలుతుంది. ఒక బిల్టిన్ మూత తీస్తుందా, సీసా మాత్రమే చూస్తుందా అన్నది ప్రతిదాని దగ్గరా వేసుకోవాల్సిన ప్రశ్న.

ఇక కిటికీలు. నేను ఎక్కువగా కాలు జారింది ఇక్కడే.

‘గెట్ఎన్వ్’ అని ఒకటుంది. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (మెషీన్ మీద ప్రోగ్రాములకు బయటి నుంచి అందే పేరున్న విలువ) పేరు ఇస్తే దాని విలువ తెచ్చిస్తుంది. అలాంటి వేరియబులే లేకపోతే? ఎర్రర్ రాదు, ఖాళీ స్ట్రింగ్ ఇచ్చి ఊరుకుంటుంది. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసే చోట బ్యాకప్‌లు ఎక్కడ రాయాలో ఒక వేరియబుల్ నుంచి తీసుకుని, దాని పక్కన స్లాష్ పెట్టి, బ్యాకప్ అని అతికించాను. నా మెషీన్‌లో చక్కగా నడిచింది. ఇంకో మెషీన్ మీద అదే కాన్ఫిగరేషన్‌ని ఇంకొకరు బిల్డ్ చేశారు, వాళ్ల దగ్గర ఆ వేరియబుల్ లేదు. ఖాళీ పక్కన స్లాష్, స్లాష్ పక్కన బ్యాకప్. బ్యాకప్‌లన్నీ పోయి రూట్ డిస్కులో పడ్డాయి. డిస్కు నిండి సర్వీసులు ఒక్కొక్కటే చతికిలబడ్డాక గానీ తెలియలేదు. తప్పు పూర్తిగా నాదే. ఫైలు ఒకటే, మెషీన్‌కో జవాబు. గదికి కిటికీ తెరిచి ఉంచింది నేను.

అందుకే తర్వాత ‘ప్యూర్ ఇవాల్యుయేషన్’ అనే పద్ధతి వచ్చింది. ఫ్లేక్స్ (ప్రాజెక్టునూ దానికి కావాల్సినవాటినీ కలిపి రాసుకునే నిక్స్ పద్ధతి) వాడితే మామూలుగానే ఆ పద్ధతిలో నడుస్తుంది. కిటికీలన్నీ మూసేస్తారన్నమాట, అయితే ఒక్కోటి ఒక్కో తీరులో మూస్తారు. గెట్ఎన్వ్ నోరు మూసుకుని ఎప్పుడూ ఖాళీ స్ట్రింగే ఇస్తుంది. ‘కరెంట్‌టైమ్’, అంటే 1970 జనవరి 1 నుంచి ఎన్ని సెకన్లు గడిచాయో చెప్పేది, అసలు ఉండనే ఉండదు. అలాంటి అట్రిబ్యూట్ లేదని ఎర్రర్ వస్తుంది. నన్నడిగితే రెండోదే మర్యాద. గొడవ చేసే తప్పు కంటే గుట్టుగా ఉండే తప్పుతోనే ఎక్కువ ప్రమాదం.

నెట్ నుంచి తెచ్చేవి, ‘ఫెచ్‌యూఆర్ఎల్’, ‘ఫెచ్‌టార్‌బాల్’, కూడా కిటికీలే. అయితే వీటికి హాష్ (సరుకును బట్టి లెక్కగట్టే వేలిముద్ర లాంటిది) ఇస్తే కిటికీకి కాపలా పెట్టినట్టు. వచ్చిన సరుకు ఆ హాష్‌తో సరిపోతేనే లోపలికి రానిస్తుంది. ప్యూర్ పద్ధతిలో హాష్ లేకుండా ఒప్పుకోదు. ప్యూర్ కాని పద్ధతిలో ఒప్పుకుంటుంది, తెచ్చిన టార్‌బాల్‌ని (ఫైళ్లన్నీ కట్టిన ఒకే మూటని) మామూలుగా ఒక గంట దాచుకుని వాడుకుంటుంది. ఆ గంట దాటాక అవతలివాళ్లు ఫైలు మార్చేసి ఉంటే మీ సిస్టమ్ కూడా మారిపోతుంది, మీరు ఒక్క అక్షరం ముట్టకుండానే.

‘రీడ్‌ఫైల్’ గురించి మాత్రం కాస్త గట్టిగా చెప్పాలి. ఫైల్లో ఉన్నదంతా స్ట్రింగ్‌గా ఇస్తుంది, చాలా పనికొస్తుంది. కానీ పాస్‌వర్డ్ ఉన్న ఫైలును దీంతో చదివి సర్వీసు కాన్ఫిగ్‌లో పెట్టారనుకోండి, ఆ కాన్ఫిగ్ నిక్స్ స్టోర్‌లోకి, అంటే నిక్స్ తయారు చేసినవన్నీ దాచే డైరెక్టరీలోకి వెళ్తుంది. స్టోర్‌లోని ఫైళ్లను ఆ మెషీన్ మీదున్న ఏ యూజరైనా చదవగలడు! మీరు తర్వాత ఆ వరుస చెరిపేసినా, పాత కాపీ గార్బేజ్ కలెక్షన్ (వాడనివాటిని ఊడ్చేయడం) జరిగేదాకా అక్కడే ఉంటుంది. పాత్‌ని కొటేషన్ లేకుండా రాసి, డాలరు గుర్తూ ఫ్లవర్ బ్రాకెట్లతో స్ట్రింగ్‌లో ఇరికించినా ఇదే జరుగుతుంది, ఆ ఫైలు మొత్తం స్టోర్‌లోకి కాపీ అవుతుంది. కాబట్టి రహస్యాలకు ఫైలు పాత్‌ని కొటేషన్లలో స్ట్రింగ్‌గా మాత్రమే ఇవ్వండి. సర్వీసు నడిచేటప్పుడు తనే వెళ్లి చదువుకుంటుంది. రహస్యం గదిలోకి రానే రాదు.

తప్పులు వెతకడానికి ‘ట్రేస్’ ఉంది. మొదటి మాట తెర మీద చూపించి, రెండోది మీ చేతికిస్తుంది. ‘ట్రైఇవాల్’ అనేది త్రోనూ అసర్ట్‌నూ పట్టుకుంటుంది, ‘అబార్ట్’ని పట్టుకోదు. వీటితో మీరే ఆడుకుని తెలుసుకోండి.

మీరు వేసిన ఇంకో ప్రశ్న మిగిలింది: మ్యాప్‌ని అలాగే రాయొచ్చు, ఫిల్టర్‌కి మాత్రం ముందు ‘బిల్టిన్స్’ అని చుక్క పెట్టాలి, ఎందుకు? మ్యాప్, టుస్ట్రింగ్, ఇంపోర్ట్, త్రో లాంటి కొన్నిటికి ఆ ఇంటిపేరు అక్కర్లేదు, మిగతా వాటికి కావాలి. అందులో తర్కం వెతికి బుర్ర పాడుచేసుకోకండి. నేను ఇప్పటికీ తడబడి ఎర్రర్ చూసి దిద్దుకుంటాను.

ఈ ఆదివారం రెప్ల్ తెరిచి ‘బిల్టిన్స్’ అని రాసి, చుక్క పెట్టి, ట్యాబ్ కొట్టండి. బారెడు జాబితా వస్తుంది. కాగితం మీద రెండు నిలువు వరుసలు గీసి, పనిముట్లు ఒకవైపు, కిటికీలు ఇంకోవైపు రాయండి. ‘రీడ్‌డిర్’, ‘పాత్ఎగ్జిస్ట్స్’ ఎటు పోతాయో వెంటనే తెలుస్తుంది. ‘టుఫైల్’ దగ్గర మాత్రం మీలో మీకు గొడవ వస్తుంది, ఎందుకంటే అది బయట ఏదీ చూడదు, కానీ స్టోర్‌లో ఫైలు రాస్తుంది. ఎవరి వాదన ఏంటో విడివిడిగా నాకు రాసి పంపండి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న

తా.క. రెప్ల్‌లో ఆరుని మూడుతో భాగించేటప్పుడు స్లాష్‌కి అటూ ఇటూ ఖాళీ వదలండి. వదలకపోతే అది భాగహారం అనుకోదు, మీరున్న డైరెక్టరీలో ‘6’ అనే ఫోల్డరూ అందులో ‘3’ అనే ఫైలూ అనుకుని ఆ పాత్ చూపిస్తుంది. నేను అరగంట దాన్ని చూస్తూ కూర్చున్నాను.