అంబాసిడర్‌కి చెల్లింది పద్మినికి చెల్లదు

"వేడెక్కితే దారిలో రేడియేటర్‌లో నీళ్ళు పోసుకుంటూ వచ్చేశానండీ, ఏం కాలేదు" అంటూ ఎవరైనా పాత ప్రీమియర్ పద్మిని కారుని షెడ్డుకి తెస్తే నేను ముందు డిప్‌స్టిక్, అంటే ఇంజిన్ ఆయిల్ చూసే పుల్ల, లాగి చూస్తాను. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉందంటే నీళ్ళు అందులోకి దిగినట్టే. చాలాసార్లు హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజిన్ బ్లాకుకీ దాని మీద బిగించే హెడ్డుకీ మధ్య ఉండే సీలు, పోయి ఉంటుంది.

అపోహ: పాత ఇంజిన్లు మొండివి. వేడెక్కితే నీళ్ళు పోసి లాగించేయొచ్చు.

వాస్తవం: ఈ మాట అంబాసిడర్ డ్రైవర్ల దగ్గర పుట్టింది. ఆ 1489 సీసీ ఇంజిన్‌కి బ్లాకూ హెడ్డూ రెండూ పోత ఇనుమే, చాలా ఓర్చుకుంటుంది. పద్మిని 1089 సీసీ ఇంజిన్‌కి బ్లాకు ఇనుము, హెడ్ అల్యూమినియం. వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. బోల్టులు బిగించి ఉంటాయి కాబట్టి సాగడానికి చోటు లేక హెడ్ వంకర పోతుంది. అన్నట్టు, ఇసుజు 1817 సీసీ ఇంజిన్ అంబాసిడర్‌కీ హెడ్ అల్యూమినియమే, అంబాసిడరే కదా అని ధీమా వద్దు.

ఒకాయన వాళ్ళ నాన్నగారి పద్మిని తెచ్చారు. టెంపరేచర్ ముల్లు చివరికి వెళ్ళాక కూడా నడిపారట. హెడ్ విప్పి, స్టీల్ స్కేలు అంచు మీద నిలబెట్టి చూశాను. మధ్య సిలిండర్ల దగ్గర స్కేలు కింద సందు కొలిచే ఫీలర్ గేజ్ బ్లేడు ఇటు పెడితే అటు వచ్చింది. "నాన్న ఉన్నన్నాళ్ళూ ఇలా కాలేదండీ" అంటుంటే ఆయన గొంతు పూడుకుపోయింది. ఆయన తప్పేముంది? ఎవరో మెకానిక్ థర్మోస్టాట్ (వేడిని బట్టి రేడియేటర్‌కి నీళ్ళు వదిలే వాల్వు) పీకేసి "ఇక వేడెక్కదు" అని ధైర్యం చెప్పాడు. అసలు రోగం సగం పూడిపోయిన రేడియేటరు. దాన్ని శుభ్రం చేయించి ఉంటే హెడ్‌ని ఫేసింగ్‌కి, అంటే వంకర పోయిన అడుగుని మెషిన్ మీద చదును చేయించడానికి, పంపే పనే ఉండేది కాదు.

ముల్లు పైకి పోతుంటే బండి పక్కకి ఆపండి. ఇంజిన్ పూర్తిగా చల్లారేదాకా రేడియేటర్ మూత ముట్టుకోకండి, చన్నీళ్ళు పోయకండి. ఆలస్యమవుతుందని టెన్షన్ పడకండి, హెడ్ పోతే ఇంకా ఆలస్యం.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

పద్మినికి పికప్ లేదంటారు. తేలిక బండి, ఊళ్ళో అదే చలాకీ. ఐదుగురు, సామాను, ఘాట్ రోడ్డు అంటే నేనూ అంబాసిడరే తీస్తాను.

ఈ20 పెట్రోలు (20 శాతం ఇథనాల్ కలిపినది) పోస్తే ఇంజిన్ ముక్కలవుతుందన్న ఫార్వర్డులు నాకు పంపకండి. పాడయ్యేవి పాత రబ్బరు పైపులు, ఇంజిన్‌కి పెట్రోలు అందించే పంపులోని డయాఫ్రమ్ పొర. ఇథనాల్ తట్టుకునేవి వేయించండి, నెలల తరబడి ట్యాంకులో నిల్వ ఉంచకండి.

పాత కార్లకిచ్చే వింటేజ్ నంబరు వస్తే రోజూ ఆఫీసుకి తిప్పొచ్చనుకుంటారు. 2021 నిబంధనల ప్రకారం కుదరదు. యాభై ఏళ్ళు దాటిన బండికే ఆ నంబరు, అదీ ప్రదర్శనకో ర్యాలీకో, పెట్రోలుకో రిపేరుకో బయటికి తీయడానికే. రోజూ నడపాలంటే మామూలు రిజిస్ట్రేషనే రెన్యూవల్ చేయించుకోండి.