యుద్ధకాలపు బేస్‌బాల్ రీప్లే లీగ్: అపోహలు - వాస్తవాలు

పెరల్ హార్బర్ దాడి జరిగి ఆరు వారాలు నిండకముందే, 1942 జనవరి 15న, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ బేస్‌బాల్ కమిషనర్ కెనెసా మౌంటెన్ లాండిస్‌కు ఒక ఉత్తరం రాశాడు. ఆట కొనసాగాలని, సైన్యంలో చేరే వయసున్న ఆటగాళ్లు మాత్రం అందరిలాగే వెళ్లాలని అందులో సారాంశం. అలా 1942 నుంచి 1945 దాకా ఏ సీజనూ ఆగలేదు. జట్లలో మనుషులు మాత్రం మారిపోతూనే ఉన్నారు. ఆ సీజన్లను కార్డులు, పాచికలతో గానీ కంప్యూటర్‌లో గానీ మళ్లీ ఆడించే రీప్లే లీగుల్లో తప్పులు ఎక్కువగా దొర్లేది ఈ నాలుగేళ్లలోనే. కొత్తగా చేరేవాళ్లు తరచూ అనే మాటలు, వాటికి జవాబులు ఇవి.

అపోహ: ఇది బుక్ క్రికెట్ లాంటిదే, అంతా అదృష్టం.

బుక్ క్రికెట్‌లో గావస్కర్‌కైనా చంద్రశేఖర్‌కైనా పేజీ ఒకేలా తెరుచుకుంటుంది. ఇక్కడ అలా కాదు. హాల్ రిచ్‌మన్ 1961లో మొదలుపెట్టిన స్ట్రాట్-ఓ-మాటిక్ పద్ధతి చూడండి. ప్రతి ఆటగాడికీ ఫలితాల వరుసలున్న ఒక కార్డు ఉంటుంది. మూడు పాచికలు వేస్తారు. విడిగా చూసే పాచిక మీద 1, 2, 3 పడితే బ్యాటర్ కార్డు, 4, 5, 6 పడితే పిచర్ (బంతి విసిరేవాడు) కార్డు చదవాలి. మిగతా రెండింటి మొత్తం ఏ వరుసో చెబుతుంది. 36 సార్లలో 7 ఆరు సార్లు వస్తుంది, 2 ఒక్కసారే. కాబట్టి కార్డు తయారుచేసేవాళ్లు ఏ వరుసలో ఏది పెట్టారన్న దాంట్లోనే ఆటగాడి బలమంతా ఉంటుంది.

సొంతంగా కార్డులు చేసుకునేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. 1943లో స్టాన్ మ్యూజియల్ సగటు .357. అంటే వెయ్యి ప్రయత్నాలకు 357 హిట్లు (బేస్‌కు చేర్చే దెబ్బలు). ఆ .357నే కార్డు మీదకు ఎక్కిస్తే సీజన్ చివరికి అతను .308 దగ్గర తేలతాడు, ఎందుకంటే సగం ఫలితాలు పిచర్ల కార్డుల నుంచి వస్తాయి. లీగ్ సగటు .260 అనుకుంటే కార్డు మీద ఉండాల్సింది .357కు రెట్టింపులోంచి .260 తీసేయగా వచ్చే .454. వాక్‌లకూ (నాలుగు చెడు బంతులకు ఉచితంగా దక్కే బేస్), హోమ్ రన్‌లకూ (ఒకే దెబ్బతో బేసులన్నీ చుట్టి తెచ్చే పరుగు) ఇదే లెక్క. ఏపీబీఏ అనే మరో కార్డుల ఆట పద్ధతిలో ఈ రెట్టింపు అక్కర్లేదు. అక్కడ ప్రతిసారీ బ్యాటర్ కార్డే చదువుతారు, పిచర్ గ్రేడు కొన్ని హిట్లను అవుట్లుగా మారుస్తుంది. ఒక పద్ధతి లెక్కతో మరో పద్ధతి కార్డు చేయకండి.

అపోహ: రీప్లే సరిగ్గా ఉంటే అసలు ఫలితాలే రావాలి.

1944లో సెయింట్ లూయిస్ బ్రౌన్స్ 89 గెలిచి 65 ఓడి, డెట్రాయిట్ టైగర్స్ కంటే ఒక్క గేమ్ ముందు నిలిచి పెనెంట్ (లీగ్ టైటిల్) గెలుచుకున్నారు. 154 గేముల సీజన్‌లో కేవలం పాచికల ఊగిసలాటే అటూ ఇటూ ఆరు గెలుపులు. అదే జట్టు, అవే కార్డులు, అదే మేనేజర్ అయినా మూడు రీప్లేల్లో రెండింట బ్రౌన్స్ గెలుపులు 83కీ 95కీ మధ్య పడతాయి, మూడోదాంట్లో ఆ హద్దు కూడా దాటతాయి. బ్రౌన్స్ రెండో స్థానంలో వచ్చారని కార్డులను తప్పుబట్టకూడదు. ఒంటి చేత్తో ఆడిన పీట్ గ్రే 1945లో 234 ఎట్-బ్యాట్లలో (సగటు లెక్కలోకి వచ్చే బ్యాటింగ్ వంతులు) .218 కొట్టాడు. రీప్లేలో .191 వచ్చినా .245 వచ్చినా మామూలే.

పరీక్షించాల్సింది లీగ్ మొత్తాలను. ఎనిమిది జట్ల లీగ్‌లో 616 గేములు. అన్ని జట్ల పరుగులూ కలిపి అసలు సీజన్ మొత్తంతో పోల్చండి. 2 శాతం తేడా సహజం. 4 శాతం దాటితే మాత్రం పాచికల మీదకు నెట్టకండి. కార్డు లెక్కలోనో, మనుషుల వాడకంలోనో లోపం ఉంది.

అపోహ: జట్టు జాబితాలో పేరుంటే ఏప్రిల్ నుంచే ఆడించొచ్చు.

యుద్ధకాలపు లీగును ఇంతగా పాడుచేసే అపోహ మరొకటి లేదు. హ్యాంక్ గ్రీన్‌బర్గ్ సైన్యం నుంచి వచ్చి టైగర్స్ తరఫున మళ్లీ ఆడింది 1945 జూలై 1న. ఆ ఏడాది అతని ఖాతాలో 78 గేములు, 270 ఎట్-బ్యాట్లు, 13 హోమ్ రన్‌లు, .311 సగటు. సెప్టెంబర్ 30న అతను మూడు బేసులూ నిండి ఉండగా కొట్టిన హోమ్ రన్, అంటే గ్రాండ్ స్లామ్‌తోనే పెనెంట్ ఖాయమైంది. చివరికి టైగర్స్ 88-65 (గెలుపులు-ఓటములు), వాషింగ్టన్ సెనేటర్స్ 87-67. తేడా గేమున్నర! ఆ కార్డును ఏప్రిల్‌లోనే బరిలోకి దించితే ఆ పోటీ మే నెలలోనే ముగిసిపోతుంది. సెనేటర్స్ వైపూ ఇదే ప్రమాదం ఉంది. సైన్యం నుంచి ఆలస్యంగా వచ్చిన బడ్డీ లూయిస్ 69 గేముల్లోనే .333 కొట్టాడు. క్లీవ్‌లాండ్‌కు పిచర్ బాబ్ ఫెల్లర్ ఆగస్టు 24న గానీ అందలేదు.

మందు ఏమిటంటే, మొదట ప్రతి ఆటగాడి పేరు పక్కన మొదటి గేమ్, చివరి గేమ్ తేదీలు రాసుకోవాలి. అసలు క్యాలెండర్ ప్రకారమే గేములు జరపాలి. ఆపైన ఎట్-బ్యాట్లకూ ఇన్నింగ్స్‌కూ 105 శాతం పరిమితి పెట్టాలి. గ్రీన్‌బర్గ్‌కు అది 283. రెండు వారాలకోసారి లెక్క చూడాలి, సీజన్ చివర్లో చూస్తే దిద్దుకునే దారి ఉండదు. ఇంత చేసినా తెలివైన మేనేజర్ ఒక సందు వెతుక్కుంటాడు. బలహీన జట్ల మీద గ్రీన్‌బర్గ్‌ను కూర్చోబెట్టి, ఆ ఎట్-బ్యాట్లన్నీ సెనేటర్స్ మీద ఖర్చు పెడతాడు. అందుకే ఒక్కో ప్రత్యర్థి మీద ఎంత వాడొచ్చో కూడా నియమంలో రాయాలి.

కొందరికి తేదీలు కూడా చాలవు, వారాలు చూడాలి. 1944లో బ్రౌన్స్ పిచర్ డెన్నీ గేల్‌హౌస్ ఆక్రన్‌లోని విమాన కర్మాగారంలో పనిచేస్తూ, సీజన్ తొలి భాగంలో ఆదివారాలు మాత్రమే వచ్చి బంతులు వేసేవాడు. అతన్ని మే నెలలో బుధవారం దించారంటే మీరు ఆడిస్తున్నది 1944 కాదు.

అపోహ: తక్కువ ఆడినవాడి కార్డు కూడా కార్డే.

జిమ్మీ ఫాక్స్ అంటే హోమ్ రన్‌ల వీరుడు. 1945లో, ఆఖరి సీజన్‌లో, ఫిలడెల్ఫియా ఫిలీస్ తరఫున పిచింగ్ కూడా చేశాడు. 22⅔ ఇన్నింగ్స్, ఈఆర్ఏ 1.59. అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు తన ఖాతాలో పడే పరుగులు ఒకటిన్నర. హద్దు పెట్టకపోతే 108 గేములు ఓడిన ఆ జట్టుకు అతనే ప్రధాన పిచర్ అయి కూర్చుంటాడు. ఇలాంటి కార్డులకు ఒక సులువైన దిద్దుబాటు ఉంది. అతని నాలుగు పరుగులకు లీగ్ సగటు పిచర్ వేసిన 50 ఇన్నింగ్స్ కలపండి. లీగ్ ఈఆర్ఏ 3.80 అనుకుంటే కలిసేవి 21 పరుగులు. మొత్తం 72⅔ ఇన్నింగ్స్‌కు 25 పరుగులు, ఈఆర్ఏ 3.10. నమ్మదగిన అంకె అది. ఇక 1944 జూన్ 10న పదిహేనేళ్ల వయసులో సిన్సినాటి తరఫున దిగిన జో నక్స్‌హాల్ ఒక ఇన్నింగ్స్‌లో మూడింట రెండు వంతులు వేసి ఐదు పరుగులిచ్చాడు. ఈఆర్ఏ 67.50. అతనికి కార్డు చేయనక్కర్లేదు.

అపోహ: యుద్ధకాలపు అంకెలన్నీ ఉత్తవే, అందరికీ ఒకేలా కోత పెట్టాలి.

స్నఫీ స్టర్న్‌వైస్ 1945లో .309తో అమెరికన్ లీగ్ బ్యాటింగ్ కిరీటం గెలిచాడు. అసలు ఆటగాళ్లు తిరిగొచ్చిన 1946లో .251కి పడిపోయాడు. మరి టైగర్స్ పిచర్ హాల్ న్యూహౌసర్? 1944లో 29-9, 1945లో 25-9, ఈఆర్ఏ 1.81. టెడ్ విలియమ్స్, డిమాజియో లాంటి పెద్ద బ్యాటర్లు వెనక్కి వచ్చిన 1946లోనూ 26-9, ఈఆర్ఏ 1.94. అందరికీ 15 శాతం కోత పెడితే న్యూహౌసర్‌కు అన్యాయం జరుగుతుంది.

నిజానికి ఒకే సీజన్ రీప్లేలో కోతే అక్కర్లేదు, ఎందుకంటే ప్రతి కార్డూ ఆ ఏటి లీగ్ సగటుతో పోల్చి చేసినదే. చిక్కు వచ్చేది 106 గేములు గెలిచిన 1942 కార్డినల్స్‌ను 1945 కబ్స్‌తో ఆడించాలనుకున్నప్పుడు. అప్పుడు ఒక్కొక్కరి పక్క సంవత్సరాల అంకెలు చూసి విడివిడిగా సర్దాలి. చాలా శ్రమ. అంత ఓపిక లేకపోతే సీజన్లు కలపకపోవడమే మేలు.

అపోహ: 1943లో బంతి చచ్చు బంతి కాబట్టి హోమ్ రన్‌లు ఇంకా తగ్గించాలి.

జపాన్ మలయాను, డచ్ ఈస్టిండీస్‌ను ఆక్రమించాక అమెరికాకు రబ్బరు కరువైంది. 1943 సీజన్ మొదట్లో రబ్బరుకు బదులు బలాటా అనే పదార్థం వాడిన బంతి ఎగరనే లేదు, కొద్ది వారాల్లోనే మార్చారు. ఆ వారాల ఫలితాలు కార్డులోని మొత్తాల్లో ముందే కలిసి ఉన్నాయి. మళ్లీ తగ్గిస్తే రెండుసార్లు కోసినట్టే.

మైదానాల విషయంలోనూ ఇదే పొరపాటు చేస్తారు. 1945లో సెనేటర్స్ తమ సొంత గ్రిఫిత్ స్టేడియంలో సీజన్ మొత్తం మీద కొట్టింది ఒకే ఒక్క హోమ్ రన్. అదీ కంచె దాటలేదు, జో క్యూహెల్ బేసుల చుట్టూ పరుగెత్తి సాధించినది. మైదానం ప్రభావాన్ని విడిగా లెక్కించే నియమం వాడితే, ముందు కార్డుల్లోంచి ఆ ప్రభావాన్ని తీసేయాలి. తీయకుండా వాడితే బయటి ఊళ్లలో కూడా వాళ్ల హోమ్ రన్‌లు మాయమవుతాయి.

అపోహ: అలసటకు ముందే పిచర్‌ను మార్చడం మంచి మేనేజర్ లక్షణం.

ఇప్పటి ఆటలో అవును, యుద్ధకాలంలో కాదు. 1944లో డిజీ ట్రౌట్ 352⅓ ఇన్నింగ్స్ వేశాడు, 33 గేములు తానే మొదలుపెట్టి తానే ముగించాడు. ఆరో ఇన్నింగ్స్‌లోనే మార్చేస్తే అతని ఇన్నింగ్స్ మిగిలిపోతాయి, అరకొర పిచర్ల పరిమితులు ఆగస్టుకే అయిపోతాయి. కార్డు మీద అలసట హద్దు చేరేదాకా, లేదా ఒకే ఇన్నింగ్స్‌లో నాలుగు పరుగులు ఇచ్చేదాకా మార్చకూడదని నియమం పెట్టండి. డబుల్ హెడర్లను కూడా వదలకండి. 1943లో చికాగో వైట్ సాక్స్ 44 సార్లు ఒకే రోజు రెండు గేములు ఆడారు. వాటిని విడదీసి రోజుకొకటి చొప్పున ఆడిస్తే నాలుగో, ఐదో పిచర్లకు పనే ఉండదు.

అపోహ: నల్లజాతి ఆటగాళ్ల లీగులకు వాడదగ్గ అంకెలు లేవు.

ఉన్నాయి. 1920-48 నాటి నీగ్రో లీగులను మేజర్ లీగులుగా 2020 డిసెంబర్‌లో గుర్తించారు, 2024లో వాటి అంకెలు అధికారిక రికార్డుల్లో చేరాయి. హోమ్‌స్టెడ్ గ్రేస్ తరఫున జాష్ గిబ్సన్ 1943లో సాధించిన .466 ఇప్పుడు ఒక సీజన్ అత్యధిక సగటు. లెక్కలోకి వచ్చిన గేములు తక్కువ కనుక ఫాక్స్‌కు చేసినట్టే లీగ్ సగటు కలపాలి. ఆ సగటు వాళ్ల లీగ్‌దే అయి ఉండాలి. మాంటీ ఇర్విన్, లియాన్ డే, బక్ ఓనీల్ కూడా సైన్యానికి వెళ్లినవాళ్లే, తేదీల నియమం వాళ్లకూ వర్తిస్తుంది. ఈ జట్లు లేని యుద్ధకాలపు లీగ్ సగం చిత్రమే.

అపోహ: పదహారు జట్లూ లేకపోతే మొదలుపెట్టలేం.

రెండు లీగులు కలిపితే 1,232 గేములు. గేముకు 25 నిమిషాలు వేసుకున్నా 500 గంటలు దాటుతుంది. 1944 అమెరికన్ లీగ్ ఒక్కటే తీసుకోండి. ఒక్కో జట్టు మిగతా ఏడింటితో 22 సార్లు ఆడుతుంది. ఎనిమిది మంది మేనేజర్లు తమ సొంత మైదానం గేములు మాత్రమే నడిపితే మనిషికి 77 గేములు, అంటే 32 గంటలు. వారానికి నాలుగు గేముల చొప్పున ఇరవై వారాల్లో ముగుస్తుంది. ఫలితాలతో పాటు ఎట్-బ్యాట్ల లెక్క కూడా ప్రతి వారం పంపించాలని మొదటి రోజే ఒప్పించుకోండి. ఆ కాగితం రెండు వారాలు ఆలస్యమైతే, పరిమితి దాటిన ఆటగాడు అప్పటికే సొంత మైదానంలో, బయటా కలిపి దాదాపు పదహారు గేములు ఆడేసి ఉంటాడు.