వేక్ వర్డ్ పేచీకి మూలం స్నోబాయ్

మాటల రికార్డింగులు క్లౌడ్‌కు, అంటే కంపెనీ సర్వర్లకు, వెళ్లకుండా ఆపుకునే సెట్టింగును అలెక్సాతో నడిచే కొన్ని ఎకో పరికరాల నుంచి అమెజాన్ 2025 మార్చి 28న తీసేసింది. కొత్త అలెక్సాకు క్లౌడ్ బలం కావాలని, వేక్ వర్డ్ (పరికరాన్ని మేల్కొలిపే పిలుపు) మాత్రం ఇప్పటికీ పరికరంలోనే పట్టుకుంటామని కంపెనీ వివరణ. దాంతో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద సొంత వాయిస్ అసిస్టెంట్ కట్టుకునేవాళ్ల మధ్య పాత పేచీ మళ్లీ మొదలైంది: ఆ పిలుపును పట్టే లైబ్రరీ (ప్రోగ్రాముల్లో కలుపుకునే సిద్ధమైన కోడు) ఎవరి చేతిలో ఉంది?

సిరి, అలెక్సాల పుట్టుక అందరికీ తెలిసిందే. ఈ పేచీలో అసలు మలుపు స్నోబాయ్. సియాటిల్‌లోని కిట్ ఏఐ అనే కంపెనీ తెచ్చిన ఈ లైబ్రరీలో నచ్చిన మాటను మూడుసార్లు పలికి వెబ్‌సైటుకు ఇస్తే మీ గొంతుకు సరిపడే చిన్న మోడల్ ఫైలు వచ్చేది. దాన్ని రాస్ప్‌బెర్రీ పైలో పెట్టుకుంటే నెట్ లేకున్నా నడిచేది. ధ్వనిని పోల్చుకోవడమే తప్ప అక్షరాలుగా రాసే పని లేదు కాబట్టి "ఒరేయ్ రాముడూ" అన్నా చెల్లేది. 2017లో చైనా టెక్ సంస్థ బైదూ ఆ కంపెనీని కొంది. 2020 డిసెంబరు 31తో సేవ మూతపడింది. దించుకున్న ఫైళ్లు పనిచేశాయి గానీ కొత్త మాటకు ఆ వెబ్‌సైటు దారి మూసుకుపోయింది. కోడు పంచుకునే సైటు గిట్‌హబ్‌లో మిగిలినదాంట్లో మాటను గుర్తుపట్టే ఇంజిన్ ముందే కంపైల్ చేసిన బైనరీ, అంటే మనుషులు చదివి మార్చలేని యంత్ర రూపం; చదవగలిగింది పైపొర మాత్రమే. ఓపెన్ సోర్స్ (కోడు అందరికీ తెరిచి ఉన్నది) అని నమ్మినవాళ్లు అప్పుడుగానీ అది గమనించలేదు.

చాలామంది చూపు పికోవాయిస్ కంపెనీ వారి వేక్ వర్డ్ ఇంజిన్ పోర్కుపైన్ మీద పడింది. 2021లో వచ్చిన 2.0 వెర్షన్ నుంచి దానికి యాక్సెస్ కీ (కంపెనీ ఇచ్చే అనుమతి కోడు) తప్పనిసరి. ఆడియో పరికరం దాటదు, కీ సరిచూడటానికే నెట్ కావాలని కంపెనీ అంటోంది. నిజమే. స్నోబాయ్ దెబ్బ తిన్నవాళ్ల భయం ఆడియో గురించి కాదు, కీ సరిచూసే ఆ సర్వరు ఎన్నాళ్లుంటుందన్న దాని గురించి.

అందుకే 2023లో, ఇంటి పరికరాలను నడిపే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ హోమ్ అసిస్టెంట్‌లోకి ఓపెన్‌వేక్‌వర్డ్ అనే లైబ్రరీ రాగానే అంత ఆదరణ దొరికింది. కీ అక్కర్లేదు, యంత్రం పలికిన వేల కృత్రిమ గొంతులతో శిక్షణ ఎవరైనా ఇచ్చుకోవచ్చు. కోడు వ్యాపారానికీ వాడుకోనిచ్చే అపాచీ లైసెన్సులో ఉన్నా, సిద్ధంగా ఇచ్చే మోడళ్లను వ్యాపారానికి వాడకూడదన్న మెలిక ఒకటుంది.

పోర్కుపైన్ భాషల్లో హిందీ ఉంది, తెలుగు లేదు. ఓపెన్‌వేక్‌వర్డ్ కృత్రిమ గొంతులు ఇంగ్లీషువే కాబట్టి "రాముడూ" అనిపించాలంటే ఇంగ్లీషు స్పెల్లింగుతో తంటాలు పడాలి. స్నోబాయ్‌కి మూడుసార్లు పిలిస్తే సరిపోయేది.