స్టాప్ సైన్ కావాలంటే ఐదు యాక్సిడెంట్లు ఎందుకు చూపించాలి?

అమెరికాలో సబర్బ్‌లలో ఉండే మనవాళ్లకు ఇది బాగా తెలిసిన గొడవే. కాలనీలో ఏదో ఒక మలుపు దగ్గర కార్లు రివ్వున పోతుంటాయి. సాయంత్రం వాకింగ్‌కి వెళ్లే అమ్మానాన్నలు, ఊరి నుంచి నిన్నమొన్న వచ్చినవాళ్లు, ఎటువైపు చూసి దాటాలో తెలియక అక్కడే నిలబడిపోతారు. బండి ఆగి తీరాలని చెప్పే ఎర్ర బోర్డు, అంటే స్టాప్ సైన్, అక్కడ పెట్టమని వీధిలోవాళ్లంతా కలిసి సంతకాలు పెట్టి సిటీకి పిటిషన్ ఇస్తారు. కొన్ని నెలల తర్వాత వచ్చే జవాబు చాలాచోట్ల ఒకటే: ఈ కూడలి నిబంధనలకు సరిపోవడం లేదు, స్టాప్ సైన్ పెట్టలేం.

కోపం రావడం సహజం. పిల్లలకు దెబ్బ తగిలేదాకా ఆగాలా అని అడుగుతారు, అందులో న్యాయం ఉంది. కానీ ఆ జవాబు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే వందేళ్లు వెనక్కి వెళ్లాలి.

అమెరికాలో మొదటి స్టాప్ సైన్ 1915లో డెట్రాయిట్‌లో పెట్టారని చెబుతారు. రెండడుగుల తెల్ల రేకు మీద నల్ల అక్షరాలు, అంతే. 1920ల్లో కార్లు విపరీతంగా పెరిగాక నగరాలు పెద్ద రోడ్లను ఎంచుకుని, వాటిలోకి వచ్చి కలిసే చిన్న వీధుల దగ్గర ఈ బోర్డులు నాటాయి. పెద్ద రోడ్డు మీద బండి ఆగకుండా సాగిపోవాలి, పక్క వీధివాడు ఆగి చూసుకుని రావాలి. అంటే ముందు ఎవరు వెళ్లాలో తేల్చడానికే ఈ బోర్డు పుట్టింది. వీధిలో ఆడుకునే పిల్లల కోసం పుట్టలేదు, స్పీడు తగ్గించడానికీ పుట్టలేదు. ఇప్పటి గొడవ మూలం నా దృష్టిలో ఇదే.

ఎనిమిది మూలల ఆకారం 1923లో వచ్చింది. మిసిసిపీ లోయ రాష్ట్రాల హైవే శాఖలవాళ్లు కూర్చుని, ప్రమాదం పెరిగేకొద్దీ బోర్డుకు మూలలు పెరగాలని అనుకున్నారు. అన్నిటికన్నా ప్రమాదమైన రైల్వే క్రాసింగ్‌కు గుండ్రం (లెక్కలేనన్ని మూలలన్నట్టు), దాని తర్వాత స్టాప్‌కు ఎనిమిది మూలలు. రంగు మాత్రం అప్పట్లో పసుపే, ఎందుకంటే ఎండకూ వానకూ వెలిసిపోకుండా నిలిచే ఎరుపు దొరకలేదు. ఇప్పుడు మనం చూసే ఎరుపు మీద తెలుపు 1954లో ఖాయమైంది. రోడ్డు గుర్తుల మీద దేశాల మధ్య కుదిరిన 1968 వియన్నా ఒప్పందంతో ఆ ఆకారం ప్రపంచమంతా పాకింది. మన దేశపు రోడ్డు గుర్తుల్లోనూ అది ఉంది, కానీ మన కాలనీల్లో జనం మునిసిపాలిటీని అడిగేది స్పీడ్ బ్రేకరే.

దేశమంతటికీ ఒకే పద్ధతి ఉండాలని 1935లో రోడ్డు గుర్తులకు ఒక మాన్యువల్ వచ్చింది, దాన్ని ఎంయూటీసీడీ అంటారు. సిటీ ఇంజినీర్లు ఇప్పటికీ దాన్నే ముందు పెట్టుకుని మాట్లాడతారు. స్పీడు తగ్గించడానికి స్టాప్ సైన్ వాడకూడదని అందులో రాసి ఉంది. అన్ని వైపులా ఆపాలంటే తగినంత ట్రాఫిక్ అయినా ఉండాలి, లేదా ఆ బోర్డుతో తప్పే రకం యాక్సిడెంట్లు ఏడాదిలో ఐదైనా జరిగి ఉండాలని 2023 దాకా ఉండేది. ఇంజినీర్ల వాదన కొట్టిపారేసేది కాదు. అవసరం లేనిచోట బోర్డు పెడితే జనం పూర్తిగా ఆగరు, చక్రం అలా దొర్లుతుండగానే దాటేస్తారు, పైగా పోయిన టైమ్ కోసం వీధి మధ్యలో ఇంకా గట్టిగా తొక్కుతారు. కార్లు ఆగుతాయని నమ్మి అడుగు వేసిన పిల్లవాడికి అది మరింత ప్రమాదం.

అలాగని ఫోర్ వే స్టాప్ పనికిరాదని కాదు. ఫిలడెల్ఫియాలో రద్దీ తక్కువున్న దాదాపు 200 కూడళ్లలో సిగ్నళ్లు తీసేసి అన్ని వైపులా స్టాప్ సైన్లు పెడితే యాక్సిడెంట్లు సుమారు 24 శాతం తగ్గాయని 1997లో వచ్చిన అధ్యయనం చెప్పింది. సరైన చోట పెడితే పనిచేస్తుంది.

నాకు మింగుడు పడనిది ఆ ఐదు యాక్సిడెంట్ల లెక్క. పోలీసు రిపోర్టు ఉన్న యాక్సిడెంటే అక్కడ లెక్కలోకి వస్తుంది. వెంట్రుకవాసిలో తప్పిపోయినవి, భయపడి పిల్లల్ని ఆ వైపే పంపడం మానేసిన ఇళ్లు, ఏ కాగితం మీదా ఉండవు. 2023 డిసెంబర్‌లో వచ్చిన ఆ మాన్యువల్ 11వ ఎడిషన్ కొంత దిగివచ్చింది: నాలుగు దారుల కూడలిలో ఏడాదిలో ఐదు కాకపోయినా మూడేళ్లలో ఆరు జరిగినా చాలు. అడ్డంగా వచ్చే బండి సరిగ్గా కనిపించకపోవడాన్ని కూడా విడిగా ఒక కారణంగా చేర్చారు.

పిటిషన్ పెట్టేవాళ్లు ఈ చివరిదాన్ని గట్టిగా పట్టుకోవాలి. సంతకాలతో పాటు ఆ మూలన గుబురు పొదలు, ఆగి ఉన్న వ్యాన్లు ఎంత దూరం కనపడనీయడం లేదో ఫోటోలు తీసి జతచేయండి. కాలిఫోర్నియాలో అయితే క్రాస్‌వాక్‌కు ముందు 20 అడుగుల్లోపు బండి పార్క్ చేస్తే 2025 నుంచి ఫైన్ వేస్తున్నారు. మీ సిటీలో బోర్డు రాకపోయినా, ఆ మూలన పార్కింగ్ తీయించమని, పొదలు కొట్టించమని అదే కాగితంలో అడగండి, వాటికి ఐదు యాక్సిడెంట్లు చూపించక్కర్లేదు.