చీమకుర్తి చేతుల తిమ్మిరి: నూరేళ్ల వెనక మొదలైన కథ

ఒంగోలు దగ్గర చీమకుర్తి, రామతీర్థం వైపు గ్రానైట్ క్వారీల్లోనో పాలిషింగ్ ఫ్యాక్టరీల్లోనో పదేళ్లకు పైగా జాక్‌హామర్, గ్రైండర్ పట్టిన మనిషిని రాత్రిళ్లు నిద్ర ఎలా పడుతోందని అడిగి చూడండి. చేతుల తిమ్మిరి గురించి చెబుతాడు. మా బాబాయి అయితే చొక్కా బొత్తాలు పెట్టమని పిన్నిని పిలిచేవాడు. ఆసుపత్రికి తీసుకెళ్తే షుగర్ టెస్ట్ రాశారు, మెడకు ఎక్స్‌రే తీశారు, నువ్వు ఏం పని చేస్తావు అని మాత్రం అడగలేదు.

అడగాల్సింది అదే. ఎందుకంటే మిషన్ అదురు వల్ల వచ్చే ఈ జబ్బు సంగతి ప్రపంచానికి తెలిసి నూరేళ్లు దాటింది. గాలి ఒత్తిడితో నడిచే సుత్తులు, డ్రిల్లులు రాతి పనిలోకి వచ్చాక, 1911లో, ఇటలీలో లోరిగా అనే డాక్టరు కార్మికుల వేళ్లలో రక్తం ఆగిపోతోందని రాశాడు. 1918లో ఆలిస్ హామిల్టన్ అనే డాక్టరమ్మ అమెరికాలోని బెడ్‌ఫర్డ్ సున్నపురాతి క్వారీలకు చలికాలంలో వెళ్లి, రాయి చెక్కేవాళ్ల వేళ్లు తెల్లగా పాలిపోయి స్పర్శ లేకుండా పోవడం కళ్లారా చూసింది. ఉలి పట్టుకునే ఎడమ చేతికే దెబ్బ ఎక్కువ. బాధ కలిగించేదేమిటంటే, 1978లో పరిశోధకులు మళ్లీ అదే ఊరికి వెళితే అదే రకం సుత్తులు, అదే జబ్బు కనిపించాయి.

మిషన్ అదురు వేళ్లలోని సన్నని రక్తనాళాలను, నరాలను ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా దెబ్బతీస్తుంది. చలి తగలగానే ఆ నాళాలు బిగుసుకుపోయి వేలు తెల్లబడుతుంది, అందుకే చలి దేశాల్లో దీనికి 'తెల్ల వేలు' అనే పేరు స్థిరపడింది. మనకు అసలు చిక్కు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ఒంగోలు ఎండల్లో వేలు తెల్లబడటం అరుదు, ఇక్కడ కనిపించేది తిమ్మిరి, మంట, పట్టు సడలడం, చిన్న వస్తువులు జారిపోవడం. ఆ పేరు పట్టుకుని వెతికితే మన దగ్గర జబ్బే లేనట్టు ఉంటుంది.

బ్రిటన్ 1985లో దీన్ని వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చింది, తర్వాత బొగ్గు గని కార్మికులు కోర్టుకెళ్లి గెలిచారు, పరిహారం కోసం లక్షకు పైగా దరఖాస్తులు వచ్చాయి. యూరప్ 2002లో లెక్క కట్టి మరీ హద్దు పెట్టింది: 8 గంటల పనికి సగటున 2.5 మీటర్ల (m/s², అదురు తీవ్రతను కొలిచే లెక్క) అదురు దాటితే యజమాని జాగ్రత్తలు తీసుకోవాలి, 5 అసలు దాటనివ్వకూడదు. అదురు రెట్టింపైతే పట్టుకోదగ్గ సమయం నాలుగో వంతుకు పడిపోతుంది. అంటే 10 మీటర్ల అదురున్న మిషన్‌తో మొదటి హద్దు అరగంటలో, రెండోది 2 గంటల్లో వచ్చేస్తుంది. మనవాళ్లు షిఫ్టంతా పట్టుకుంటారు.

ఇక 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న మన ఫ్యాక్టరీల చట్టం, 1948. అందులో మూడో షెడ్యూలులో, అంటే రిపోర్ట్ చేయాల్సిన జబ్బుల జాబితాలో, 29 జబ్బులుండేవి. రాతి దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్ ఉండేది, మోతతో వచ్చే చెవుడు ఉండేది. అదే మిషన్, అదే మనిషి, కానీ అదురు వల్ల వచ్చే జబ్బు మాత్రం ఉండేది కాదు. లేనిదాన్ని డాక్టరు ఆ చట్టం కింద రిపోర్ట్ చేయాల్సిన పనీ ఉండేది కాదు.

మొదట్లోనే కనిపెట్టి అదురు తగ్గిస్తే కొంత తిరిగి కోలుకుంటారు, ముదిరాక నరాల దెబ్బ చాలామందికి అలాగే ఉండిపోతుంది. కాబట్టి మీ ఇంట్లో ఎవరికైనా ఇలా ఉంటే, ఏ మిషన్, రోజుకు ఎన్ని గంటలు, ఎన్నేళ్లుగా అన్నది ఒక చీటీ మీద రాసి, డాక్టరు అడక్కపోయినా ఆయన ముందు పెట్టండి.